రోహులో ఐటిమ్ తోక దొరికింది. 'నిరోధక గ్రాహకం' అని పేరు పెట్టేయవచ్చా?

శీలావతి · సోమవారం, రాత్రి 10.42

అందరికీ నమస్కారం. నేను మత్స్యశాస్త్రంలో ఎమ్మెస్సీ రెండో సంవత్సరం చదువుతున్నాను. రోహు హెడ్ కిడ్నీ (చేపలో రక్తకణాలు తయారయ్యే అవయవం) నుంచి ఆర్‌ఎన్‌ఏ తీసి ఒక గ్రాహకానికి పూర్తి నిడివి సీడీఎన్‌ఏ, అంటే ఆ ఆర్‌ఎన్‌ఏకు డీఎన్‌ఏ నకలు, సంపాదించాను. రాయడానికి ఒక్క వాక్యం, చేయడానికి ఏడు నెలలు. కణం వెలుపల నాలుగు ఇమ్యునోగ్లోబ్యులిన్ డొమైన్లు, పొరను దాటే ఒక ముక్క, లోపల పొడవాటి తోక ఉన్నాయి. తోకలో టైరోసిన్ అనే అమైనో ఆమ్లాలు మూడు. వాటిలో రెండు, 'ఆపు' అనే సంకేతానికి గుర్తుగా చెప్పే ఐటిమ్ నమూనాకు అచ్చంగా సరిపోయాయి. పొరకు దగ్గరగా ఉన్న మూడోది దేనికీ సరిపోలేదు కాబట్టి బొమ్మలో వేయలేదు.

వరుసల పోలికలో అన్నిటికన్నా దగ్గరగా వచ్చినవి చానెల్ క్యాట్‌ఫిష్ తెల్లకణాల మీద ఉండే ఎల్‌ఐటీఆర్ కుటుంబం గ్రాహకాలు. "ఐటిమ్ ఉంది కదా, నిరోధక గ్రాహకం అని శీర్షికలో పెట్టండి, థీసిస్ త్వరగా తెమిలిపోతుంది" అని మా గైడు గారి సలహా. నాకెందుకో చెయ్యి రావడం లేదు. వరుస చూసి పని చెప్పేయవచ్చా? అనుభవం ఉన్నవారు చెప్పండి.

కొల్లేటిగట్టు · సోమవారం, రాత్రి 11.05

నాకు తెలిసిన తోక చేప తోక ఒక్కటే. కైకలూరు పక్కన చెరువులు చేస్తాను. మీ మాటల్లో సగం అర్థం కాలేదు కానీ రోహు అన్న పేరు చూసి ఆగాను. గ్రాహకం అంటే ఏమిటో ఎవరైనా మామూలు మాటల్లో చెబుతారా? ఇంకొక సందేహం. మాకు ఎర్రమచ్చలు, పుండ్లు వచ్చేది చలికాలంలోనే. చేప ఒంట్లో ఉన్న కాపలాదారులకు కూడా చలి వేస్తుందా?

మంచుదారి · మంగళవారం, ఉదయం 6.20

శీలావతి గారూ, మీ చెయ్యి రాకపోవడమే సరైనది. కొంచెం పొడవుగా రాస్తాను, ఓపిక పట్టండి. ముందు రైతు గారి ప్రశ్న.

తెల్లరక్తకణం గుడ్డిది, చెవిటిది. దాని పొర మీద గుచ్చి ఉన్న ప్రోటీన్లే దానికి చేతులు. బయటి భాగం దేనినో తాకుతుంది, లోపలి భాగం, అంటే తోక, ఆ సంగతి కణానికి చేరవేస్తుంది. అదే గ్రాహకం. తాకిన వస్తువు శత్రువైతే మింగమనో చంపమనో చెప్పే తోకలు కొన్ని, మనవాడే, వదిలెయ్యమని చెప్పేవి కొన్ని.

ఇప్పుడు తోక వ్యాకరణం. టైరోసిన్‌కు రెండు స్థానాల ముందు ఐసోల్యూసినో వేలినో, మూడు స్థానాల తర్వాత ల్యూసినో వేలినో ఉంటే దానిని ఐటిమ్ అంటాం. ఆ టైరోసిన్‌కు ఫాస్ఫేటు తగలగానే ఎస్‌హెచ్‌పీ-1, ఎస్‌హెచ్‌పీ-2 అనే ఫాస్ఫటేజులు వచ్చి వాలతాయి. చుట్టుపక్కల కైనేజులు అతికించిన ఫాస్ఫేట్లను ఇవి ఊడదీస్తాయి, సంకేతం చల్లారుతుంది. ఐటామ్ అనే మరో నమూనా దీనికి ఎదురు. జంటగా ఉన్న టైరోసిన్ల మీద సిక్ అనే కైనేజు కూర్చుని మంట రాజేస్తుంది. సొంత తోక పొట్టిగా ఉన్న గ్రాహకాలు పొర మధ్యలో ధనావేశం ఉన్న ఒక అమైనో ఆమ్లాన్ని పెట్టుకుని, ఎఫ్‌సీఆర్-గామా, డాప్-12 లాంటి ప్రోటీన్ల తోకను అరువు తెచ్చుకుంటాయి. ఎలుకలోనూ మనిషిలోనూ ఇదే కథ కాబట్టి చేపలోనూ ఇంతే అనుకుంటారు. తంటా అక్కడే మొదలవుతుంది.

మీకు దగ్గరగా వచ్చిన ఎల్‌ఐటీఆర్ కుటుంబం సంగతి చూడండి. 2006లో చానెల్ క్యాట్‌ఫిష్‌లో వీటిని వివరించారు. మిసిసిపీ రాష్ట్రం జాక్సన్‌లోని వైద్య విశ్వవిద్యాలయ బృందం, అక్కడి నుంచి తర్వాత కెనడాలోని అల్బెర్టా విశ్వవిద్యాలయానికి వెళ్లిన జేమ్స్ స్టాఫర్డ్ ఈ పనిని ముందుకు నడిపారు. బయటి డొమైన్లు, యాంటీబాడీలను పట్టుకునే మన ఎఫ్‌సీ గ్రాహకాలకూ, మనిషి 19వ క్రోమోజోము మీద గుంపుగా ఉండే కిర్, లిలర్ గ్రాహకాలకూ ఒకేసారి చుట్టరికం చూపాయి. మనలో వేరుపడిన రెండు కుటుంబాలకు చేపలో ఒకే పోలిక.

క్యాట్‌ఫిష్ ఎల్‌ఐటీఆర్ 1.1బీ అనే గ్రాహకానికి మీ దానిలాగే ఐటిమ్‌లున్న పొడవాటి తోక ఉంది. పరీక్షిస్తే ఎస్‌హెచ్‌పీలు వచ్చి వాలాయి, చంపే కణాలలో పెట్టి చూస్తే చంపడం తగ్గింది. ఇక్కడ ఆగిపోయి ఉంటే 'నిరోధక గ్రాహకం' అని రాసేసి అందరూ ఇళ్లకు పోయేవారు. తర్వాత అదే గ్రాహకాన్ని ఆర్‌బీఎల్-2హెచ్3 అనే ఎలుక కణాలలో పెట్టి, దాన్ని పట్టుకునే యాంటీబాడీ పూసిన పూసలను ఇచ్చారు. కణాలు పూసలను మింగేశాయి! 'వద్దు' అని చెప్పవలసిన తోక 'మింగు' అంది. అదీ మామూలు పద్ధతిలో కాదు. కణం సన్నని వేళ్లలాంటి పొడుగులు చాచి పూసను దూరం నుంచి పట్టి లాక్కుంది. ఎఫ్‌సీఆర్-గామాతో జతకట్టే 2.6బీ అనే మరో ఎల్‌ఐటీఆర్ మాత్రం పుస్తకంలో ఉన్నట్టే మింగింది.

ఐటిమ్ అనే పొట్టి పేరులోని 'ఐ'ల్లో ఒకటి నిరోధానికి గుర్తు. అంటే అక్షరాల అమరికకు పెట్టిన పేరులోనే తీర్పు కూడా ఉంది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

చివరిగా ఒక మాట, కోపగించకండి. ఆ మూడో టైరోసిన్‌ను బొమ్మలోంచి ఎందుకు తీసేశారు?

పాతపాఠం · మంగళవారం, ఉదయం 9.15

ముప్పై రెండేళ్లు జంతుశాస్త్రం చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాడిని. చర్చ బాగుంది. కానీ ఒక సంగతి మరిచిపోతున్నారనిపిస్తోంది. చేపలు సకశేరుకాలలో కింది మెట్టు. వాటి రోగనిరోధక వ్యవస్థ ఇంకా పూర్తిగా రూపుదిద్దుకోలేదు. లింఫు గ్రంథులు లేవు, ఎముక మజ్జ లేదు, మన రక్తంలో ఎక్కువగా ఉండే ఐజీజీ అనే యాంటీబాడీ లేదు. అలాంటప్పుడు ఒకే గ్రాహకం రెండు పనులు చేయడంలో వింత ఏముంది? పనుల విభజన ఇంకా జరగలేదు, అంతే. పై మెట్టు ఎక్కాక విడివిడిగా స్థిరపడ్డాయి.

వరుసపోలిక · మంగళవారం, ఉదయం 9.50

మాస్టారూ, మీ లాంటి వారి పాఠాలు విని ఈ దారిలోకి వచ్చినవాడిని. అయినా ఆ మెట్ల బొమ్మతో నాకు పేచీ ఉంది. నేటి రోహు మన తాతమ్మ కాదు, మనకు దూరపు దాయాది. మనం వేరుపడ్డాక గడిచిన నలభై కోట్ల ఏళ్లకు పైగా కాలం దానికీ గడిచింది. ఆ కాలమంతా అది ఊరికే కూర్చోలేదు.

అట్లాంటిక్ కాడ్‌నే తీసుకోండి. 2011లో దాని జన్యుక్రమం చదివితే, సూక్ష్మజీవి ముక్కలను సహాయక టీ కణాలకు చూపే ఎంహెచ్‌సీ-2 లేదు, ఆ టీ కణాల మీద ఉండే సీడీ4 లేదు, ఎంహెచ్‌సీ-2కు తోడుండే ఇన్‌వేరియంట్ చైన్ లేదు. పూర్వీకుల్లో ఉన్నవే, తర్వాత పోగొట్టుకుంది. మన పాఠ్యపుస్తకం ప్రకారం సహాయక టీ కణాల అధ్యాయం మొత్తం చింపేసినట్టు. ఎయిడ్స్‌లో సీడీ4 కణాలు తగ్గితేనే మనిషి కూలిపోతాడు. కాడ్ మాత్రం ఉత్తర అట్లాంటిక్‌లో నిక్షేపంగా బతికింది. ఆ చేపలో ఎంహెచ్‌సీ-1 జన్యువులు విపరీతంగా పెరిగాయి. రక్తంలో ఐజీఎం అనే యాంటీబాడీ దండిగా ఉంటుంది, టీకా వేస్తే మాత్రం ఆ సూక్ష్మజీవికే ప్రత్యేకమైన యాంటీబాడీ సరిగా లేవదు. దీన్ని ఏ మెట్టు మీద పెడదాం?

ఇంకా విడ్డూరం లోతు సముద్రపు ఆంగ్లర్ చేపలది. కొన్ని జాతుల్లో గోరంత మగచేప కొండంత ఆడదాని ఒంటికి కరుచుకుని, జీవితాంతం అతుక్కుపోతుంది. చర్మం కలిసిపోతుంది, రక్తనాళాలూ కలిసిపోతాయి. మనలో అయితే పరాయి కిడ్నీ పెట్టినా టీ కణాలు తిరగబడతాయి. ఈ చేపలు ఆ గొడవను ఎలా తప్పించుకున్నాయో 2020లో బయటపడింది. అలా శాశ్వతంగా అతుక్కునే కొన్ని జాతుల్లో టీ కణ గ్రాహకాన్నీ యాంటీబాడీనీ కత్తిరించి అతికించే ర్యాగ్ జన్యువులతో సహా అనేకం చెడిపోయాయి, లేదా పోయాయి. పెళ్లి కోసం ఆయుధాలన్నీ దించేశాయి.

దవడలేని లాంప్రేలయితే అసలు ఇమ్యునోగ్లోబ్యులిన్ జోలికే పోలేదు. ల్యూసిన్ ఎక్కువగా ఉండే ముక్కలను జోడించి వీఎల్ఆర్ అనే గ్రాహకాలను కట్టుకుంటాయి. 2004లో మ్యాక్స్ కూపర్ బృందం ఇది చెప్పినప్పుడు చాలామందికి నోట మాట రాలేదు. గమ్యం మనదే, దారి వేరు.

పాతపాఠం · మంగళవారం, ఉదయం 11.30

ఆంగ్లర్ సంగతి నేను వినలేదు. అతుక్కోవడం తెలుసు, జన్యువుల సంగతి తెలియదు. సరే, మెట్లు వదిలేస్తాను. కానీ ఎముకల చేపలన్నిటికీ కలిపి ఏదో ఒక సాధారణ సూత్రం చెప్పలేమా? పిల్లలకు పాఠం చెప్పాలంటే ఏదో ఒకటి కావాలి కదా.

వరుసపోలిక · మంగళవారం, మధ్యాహ్నం 12.10

కొన్ని చెప్పవచ్చు మాస్టారూ. ఉదాహరణకు బీ కణం మీద ఉండే ఐజీఎం గ్రాహకం. క్షీరదాల్లో దాని బరువు గొలుసుకు నాలుగు స్థిర డొమైన్లుంటాయి, నాలుగోదాని లోపల కోత పడి పొర ముక్క అతుకుతుంది. చాలా ఎముకల చేపల్లో కోత మూడో డొమైన్ చివరే పడుతుంది. నాలుగోది ఎగిరిపోతుంది. అదే చేప రక్తంలోకి వదిలే ఐజీఎంలో మాత్రం నాలుగూ ఉంటాయి. ఒకే జన్యువు, కత్తెర వేసే చోటు వేరు. ఆ రక్తంలోని ఐజీఎం కూడా మనలా అయిదు కలిసిన గుత్తి కాదు, నాలుగు కలిసినది. చేప బీ కణాలు సూక్ష్మజీవులను మింగుతాయని కూడా 2006లో ట్రౌట్ మీద చూపారు.

కానీ సూత్రం చెప్పిన మరుక్షణమే ఏదో ఒక చేప అడ్డం తిరుగుతుంది. 2005లో ట్రౌట్‌లో ఐజీటీ, జీబ్రాఫిష్‌లో ఐజీజెడ్ అని రెండు బృందాలు దాదాపు ఒకే యాంటీబాడీని కనిపెట్టాయి. పేగు కాపలా దానిదే అని 2010లో తేలింది. ఇక ఎముకల చేపలన్నిటికీ ఇదేనని రాసుకుందామంటే, చానెల్ క్యాట్‌ఫిష్‌లో అది లేనే లేదు.

కొల్లేటిగట్టు · మంగళవారం, మధ్యాహ్నం 1.02

పెళ్లి కోసం ఆయుధాలు దించేసిన చేప! మా ఇంట్లో చదివి వినిపించాను. ఆవిడ నవ్వి నా వంక చూసింది.

నా చలికాలం ప్రశ్న మాత్రం అలాగే మిగిలిపోయింది.

మంచుదారి · మంగళవారం, సాయంత్రం 5.40

క్షమించాలి, మీ ప్రశ్నకు క్యాట్‌ఫిష్ వాళ్లే జవాబు వెతికారు. జాక్సన్‌లోనే విలియం క్లెమ్, నార్మన్ మిల్లర్ 1980లలో క్యాట్‌ఫిష్ తెల్లకణాలను రకరకాల ఉష్ణోగ్రతల్లో పెంచి చూశారు. 27 డిగ్రీల దగ్గర అన్నీ పనిచేస్తాయి. 17 డిగ్రీలకు దించితే మొదట చేతులెత్తేసేది టీ కణం. బీ కణాలు తట్టుకున్నాయి, ముందే శత్రువును చూసి ఉన్న జ్ఞాపక కణాలూ తట్టుకున్నాయి. కొత్త శత్రువును తొలిసారి చూసి పనిలోకి దిగవలసిన టీ కణమే మొరాయించింది. కారణాల్లో ఒకటి పొరలోని కొవ్వు. చలికి నెయ్యి పేరుకున్నట్టు పొర బిగుసుకుంటే, గ్రాహకాలు అటూ ఇటూ కదిలి గుంపు కట్టలేవు. ఓలియిక్ ఆమ్లం కలిపి ఇస్తే చల్లటి కణాలు కొంత తేరుకోవడం అందుకు బలమైన ఆధారం.

మీకు పనికొచ్చే ముక్క ఇది. నీరు నెమ్మదిగా చల్లబడితే చేప కొన్ని వారాల్లో పొర కొవ్వును మార్చుకుని సర్దుకుంటుంది. ఒక్కసారిగా పడితేనే దెబ్బ. అమెరికా చెరువుల్లో క్యాట్‌ఫిష్‌కు చలిగాలి వీచిన తర్వాత సాప్రోలెగ్నియా అనే నీటిబూజు పట్టి, చేపలు కుప్పలుగా చచ్చిపోయేవి. ఉష్ణోగ్రతను చటుక్కున దించి, బూజు బీజాలు కలిపి ప్రయోగశాలలోనూ అదే రోగం తెప్పించారు. మీ పుండ్ల రోగానికి మూలమైన అఫనోమైసెస్ ఆ బూజుకు దగ్గర చుట్టమే. అయితే ఆ బూజుకు చల్లటి నీళ్లంటే ఇష్టం కూడా. అందువల్ల తప్పంతా చేప కణాల మీదే తోయలేం. పైగా ఇదంతా క్యాట్‌ఫిష్ కథ, రోహు కథ కాదు.

శీలావతి గారికి ఇందులో ఒక కొసరు ఉంది. పూసలను మింగిన ఆ 1.1బీ, కణాలను 37 డిగ్రీల కంటే కిందికి దించినా పని పూర్తిగా ఆపలేదు.

శీలావతి · మంగళవారం, రాత్రి 9.30

ఇన్ని జవాబులు వస్తాయనుకోలేదు. అందరికీ కృతజ్ఞతలు. మూడో టైరోసిన్ గురించి నిజం చెప్పాలంటే, వెబ్ సాధనం దానికి రంగు వేయలేదు, నేనూ వేయలేదు. అంతకన్నా గొప్ప కారణం లేదు.

రెండు ప్రశ్నలు. ఒకటి, లోకంలో ఇన్ని చేపలుండగా అందరూ క్యాట్‌ఫిష్ వెంటే ఎందుకు పడ్డారు? రెండు, నా గ్రాహకం పని తేల్చడానికి కనీసం ఏం చేయాలి? మా దగ్గర కణాల వర్ధనం గది ఉంది, ఎలుక కణాలు లేవు, డబ్బు అసలే లేదు.

వరుసపోలిక · మంగళవారం, రాత్రి 10.15

మొదటిదానికి నేను చెబుతాను. క్యాట్‌ఫిష్ తెల్లకణాలు మొండివి. మనిషి లింఫు కణాలను పాత్రలో ఏళ్ల తరబడి పెంచాలంటే వైరస్‌తోనో మరో దానితోనో వాటి స్వభావం మార్చాలి. క్యాట్‌ఫిష్ కణాలను మరో క్యాట్‌ఫిష్ కణాలతో రెచ్చగొడుతూ పోతే చాలు, ఏళ్ల తరబడి పెరుగుతూనే ఉంటాయి. అలా బీ కణాల వంశాలు, టీ కణాల వంశాలు, చంపే కణాల వంశాలు విడివిడిగా చేతికొచ్చాయి. చేప ప్రపంచంలో అది పెన్నిధి.

వాటి పుణ్యమే నిటర్ గ్రాహకాల కథ కూడా. ఇవి ఎల్‌ఐటీఆర్‌లు కావు, వేరే కుటుంబం. 1990ల చివర పఫర్ చేపలో ఎవరో యాంటీబాడీ తరహా జన్యువులు వెతుకుతుంటే దొరికాయి. చూడబోతే యాంటీబాడీ కొసన ఉండే 'వి' డొమైన్ లాగే ఉంది, కానీ ర్యాగ్ కత్తిరింపు అక్కర్లేకుండా పుట్టుకతోనే అతికి ఉంది. కొన్నిటికి ఐటిమ్ తోక, కొన్నిటికి అరువు తోక. క్యాట్‌ఫిష్ నిటర్-11 మరో చేపకు చెందిన బీ కణ వంశాన్ని పరాయిదని గుర్తుపట్టగలదని 2008లో చూపారు. అంత కచ్చితంగా చూపడానికి ఆ కణ వంశాలే ఆసరా.

మంచుదారి · బుధవారం, ఉదయం 6.05

రెండో ప్రశ్న నాది. డబ్బు లేనివారి దారి చెబుతాను, నేనూ ఒకప్పుడు ఆ దారినే నడిచాను.

ఎలుక కణాలు లేకపోతే హెక్-293 అనే మనిషి కణాలతో మొదలుపెట్టండి, అవి ఎవరి దగ్గరైనా దొరుకుతాయి. మీ గ్రాహకం బయటి కొసకు హెచ్ఏ అనే చిన్న గుర్తు తగిలించి ఆ కణాల్లోకి ఎక్కించండి. పొర మీదికి వచ్చిందో లేదో ముందు చూడండి. చేప ప్రోటీన్ 37 డిగ్రీల దగ్గర సరిగా ముడుచుకోకపోవచ్చు. నేను మొదటి మూడు నెలలు లోపలే ఇరుక్కున్న ప్రోటీన్‌తో కుస్తీ పట్టాను. పైకి వస్తే పెర్‌వెనడేట్ ఇవ్వండి. అది ఫాస్ఫటేజుల నోరు మూయిస్తుంది, టైరోసిన్ల మీది ఫాస్ఫేట్లు నిలుస్తాయి. అప్పుడు హెచ్ఏ పట్టుకుని గ్రాహకాన్ని బయటికి లాగి, దానితో పాటు ఎవరు వచ్చారో బ్లాటులో, అంటే ప్రోటీన్లను గుర్తుపట్టే పరీక్షలో, చూడండి. ఎస్‌హెచ్‌పీ-2 వచ్చిందా? సీఎస్‌కే వచ్చిందా? 1.1బీ తోక సీఎస్‌కే అనే కైనేజును కూడా పిలుచుకుని, ఎస్‌హెచ్‌పీలతో పని లేకుండానే సంకేతాన్ని ఆపగలదు. ఒకే తోకకు రెండు బ్రేకులు, ఒక యాక్సిలరేటరు.

తర్వాత మూడు టైరోసిన్లనూ ఒక్కొక్కటిగా ఫినైలాలనిన్‌గా మార్చండి. రెండిటికీ తేడా ఒక్క హైడ్రాక్సిల్ గుంపే, కానీ ఫాస్ఫేటుకు కూర్చునే చోటు ఉండదు. మొదట మార్చవలసింది మీరు రంగు వేయని టైరోసిన్‌నే. మింగుడు పరీక్షకు ఎలుక కణాలు తప్పవు. అది థీసిస్ అయ్యాక చూసుకోవచ్చు.

పాతపాఠం · బుధవారం, ఉదయం 8.45

అమ్మా శీలావతీ, గైడు గారితో వాదనకు దిగకు. శీర్షికలో 'ఐటిమ్ ఉన్న' అని రాయి. అది నువ్వు చూసినది. 'నిరోధక' అనేది నువ్వు ఊహించినది. ఆయనకు కూడా పేచీ ఉండదు. ఇన్నేళ్లూ ఎన్నో థీసిస్‌లు దిద్దాను, ఈ ఒక్క మాట దగ్గరే మౌఖిక పరీక్షలో పిల్లలు చిక్కుకుపోవడం చూశాను.

శీలావతి · గురువారం, రాత్రి 8.20

మాస్టారి సలహా పనిచేసింది. ఈ రోజు గైడు గారికి కొత్త శీర్షిక చూపించాను: 'రోహు హెడ్ కిడ్నీలో ఐటిమ్ నమూనా ఉన్న ఎల్‌ఐటీఆర్ తరహా గ్రాహకం, దాని తోకలోని మూడు టైరోసిన్లు'. ఆయన రెండు సార్లు చదివి, "మూడెందుకు, రెండే కదా" అన్నారు. బొమ్మ చూపించాను. ఈసారి మూడోదానికి కూడా రంగు వేశాను. కాసేపు చూసి, దాన్ని మార్చి చూడడానికి కూడా ప్రైమర్లు (చిన్న డీఎన్‌ఏ ముక్కలు) తెప్పించుకోమన్నారు.

ఇంకొక అవసరం పడింది. ఈ గ్రాహకం చలికాలం చేపలో, మామూలు రోజుల చేపలో ఒకే మోతాదులో ఉంటుందా అని చూడాలనిపిస్తోంది. మేము బజారులో కొనే చేప పట్టి ఎన్ని గంటలైందో తెలియదు, ఆర్‌ఎన్‌ఏ చివికిపోతోంది.

కొల్లేటిగట్టు · గురువారం, రాత్రి 9.00

ఆదివారం మాకు పట్టుబడి ఉంది. తెల్లవారుజామున నాలుగున్నరకు వల వేస్తాం. చెరువు నీటి ఉష్ణోగ్రత రోజూ పొద్దున, సాయంత్రం నోటుబుక్కులో రాస్తాను, నాలుగేళ్ల లెక్క ఉంది. మీకు కావలసిన చేప వలలోంచి నేరుగా చేతికి ఇస్తాను. ఐస్ డబ్బా మాత్రం మీరే తెచ్చుకోండి, మావి చేపలకే చాలవు.

శీలావతి · గురువారం, రాత్రి 9.04

నాలుగింటికే గట్టు మీద ఉంటాను, అన్నా. నోటుబుక్కు కూడా తీసి ఉంచండి.